వడ్డీ తగ్గించారంట, మరి బేరాలేవి? నోట్లు అచ్చేసి పంచితే తప్పేంది?

అల్లూరు పైపుల కొట్టు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు. మోటార్లు, పీవీసీ పైపులు, రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల సామాను అమ్ముకునే చిన్న కొట్టు నాది. రాజకీయం మాట్లాడటానికి రాలేదు, నిజంగా తెలియక అడుగుతున్నా.

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టి డిసెంబరుకల్లా రెపో రేటును, అంటే బ్యాంకులకు తనిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 నుంచి 5.25కి దించింది. ఇక అప్పులు చౌక, వ్యాపారాలు జోరు అన్నారు టీవీలో. నా కొట్టుకొచ్చి చూడండి ఆ జోరు. ఆగస్టు నెలాఖర్లో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పటి నుంచి ఇసకపల్లి వైపు చాలామంది రొయ్యల చెరువులు ఎండబెట్టి వదిలేశారు. సీడ్ (రొయ్య పిల్లలు) వేసినవాళ్లు కూడా సగమే వేశారు. ఇదివరకు ఏరేటర్ ఫ్యాను విరిగితే కొత్తది పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడు పాతదానికే వెల్డింగ్ చేయించుకుంటున్నారు. బేరాలు తగ్గినా అరువు పుస్తకం మాత్రం లావైంది. ఒకటి ఉండేది, మూడయ్యాయి.

నిన్న మా బామ్మర్ది భోజనం దగ్గర ఒక మాటన్నాడు. "బావా, జపానోడూ అమెరికావోడూ ఇట్టాంటప్పుడు నోట్లు అచ్చేసి జనంలోకి వదిలారు, మనోళ్లకే చేతకాదు" అని. నిజంగా వదిలారా? వదిలితే ఏమైంది? తెలిసినోళ్లు చెప్పండి.

మూలాపేట ట్రేడర్ | ఆదివారం రాత్రి 9:30

జింబాబ్వే అని గూగుల్ చెయ్యండన్నా. 2009 జనవరిలో 100 ట్రిలియన్ డాలర్ల నోటు వేశారు. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. కొన్నాళ్లకే దానికి విలువ లేకుండా పోయింది. నోట్లు అచ్చేస్తే వచ్చేది ధరలే, బేరాలు కాదు. టాపిక్ అయిపోయింది.

అర్థశాస్త్రం అక్క | ఆదివారం రాత్రి 10:05

టాపిక్ ఇప్పుడే మొదలైంది తమ్ముడూ. నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెబుతా. ప్రతి ఏడూ ఒకడు జింబాబ్వే అంటాడు.

జింబాబ్వేలో ముందు పడిపోయింది పంట. పొలాలు చేతులు మారి దిగుబడి కూలిపోయింది, అంగట్లో సరుకు లేదు. లేని సరుకు వెనక నోట్లు పరిగెత్తాయి. పైపుల అన్న చెప్పేది దానికి తిరగేసిన కథ. చెరువు ఉంది, మోటారు షెల్ఫులో ఉంది, కూలి మనిషి ఇంట్లో ఉన్నాడు. లేనిది కొనేవాడు. రెండు జబ్బులకూ ఒకే మందు కాదు, ఒకే పథ్యమూ కాదు.

ఇక అన్న అడిగింది. 2008 డిసెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్) తన వడ్డీ రేటును సున్నా నుంచి పావు శాతం మధ్యకు దించేసింది. అంతకంటే కిందికి దిగే మెట్టు లేదనుకున్నారు. అయినా ఉద్యోగాలు పోతూనే ఉన్నాయి. అప్పుడు ఇంకో దారి పట్టారు. బ్యాంకుల దగ్గరా మార్కెట్లోనూ ఉన్న ప్రభుత్వ బాండ్లు, ఇంటి లోన్ల బాండ్లు ఫెడ్ తనే కొనడం మొదలుపెట్టింది. డబ్బెక్కడిది అంటే ఎక్కడిదీ కాదు. బాండు ఇచ్చిన బ్యాంకు ఖాతాలో కంప్యూటర్‌లో అంకె పెంచుతుంది, అంతే. నోటు ముద్రించే పనే లేదు. 2007లో 900 బిలియన్ డాలర్ల లోపు ఉన్న ఫెడ్ ఆస్తుల పద్దు 2014 ఆఖరుకు దాదాపు 4.5 ట్రిలియన్లయింది. ఈ పద్ధతిని ముందు పట్టింది జపాన్, 2001 మార్చిలో.

ఇది "జనంలోకి వదలడం" కాదు. బ్యాంకుల్లోకి వదలడం. మీ బామ్మర్ది చెప్పింది వేరే సంగతి, దానికి తర్వాత వస్తా. పేపర్లు దిద్దుకోవాలి.

అల్లూరు పైపుల కొట్టు | ఆదివారం రాత్రి 10:20

అర్థమైందక్కా. 78 టీఎంసీల సోమశిల నిండిందని పేపర్లో ఫొటో వేస్తారు. మా చివరి ఆయకట్టులో నారుమడికి నీళ్లుండవు. పైన గేటు ఎత్తిన మాట నిజమే, మధ్యలో ఎవరి తూము వాళ్లది.

కౌంటర్ నం. 4 | సోమవారం ఉదయం 6:48

ఆ మధ్యలో తూము దగ్గర కూర్చున్నది నేనే. బ్యాంకు మేనేజరుగా ఒంగోలు చుట్టుపక్కల బ్రాంచీల్లో చేసి రిటైరయ్యాను. 2020 సంగతి నా నోటితో చెబుతా.

మార్చి 27న రెపో ఒక్క దెబ్బకు 5.15 నుంచి 4.40కి దిగింది. సీఆర్ఆర్ 4 నుంచి 3 శాతానికి తగ్గించారు. అంటే బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గర ఊరికే ఉంచాల్సిన సొమ్ములో నాలుగో వంతు మా చేతికి వచ్చింది. అది చాలదని లక్ష కోట్లు మూడేళ్ల గడువుతో బ్యాంకులకు ఇచ్చి, "కంపెనీల బాండ్లు కొనండి" అన్నారు. డబ్బుకు కొరత లేదు. మరి ఎక్కడికి పోయింది? ఏప్రిల్ 15 నాటికి బ్యాంకులన్నీ కలిసి 6.9 లక్షల కోట్లు తీసుకుపోయి మళ్లీ రిజర్వు బ్యాంకు దగ్గరే దాచుకున్నాయి. గవర్నరే ఆ అంకె చెప్పారు. గేటెత్తితే నీళ్లు ఎదురు నడిచి డ్యాములోకే పోయాయన్నమాట.

ఆ నెలలోనే చిన్న ఫైనాన్సు కంపెనీల కోసమని ఇంకో 25,000 కోట్లు వేలం పెట్టారు. బ్యాంకులు అడిగింది 12,850 కోట్లు. అంత చౌకగా ఇస్తామన్నా సగం మిగిలిపోయింది.

ఎందుకంటే చెబుతా, తిట్టుకోకండి. నేనిచ్చిన లోను మునిగితే మెమో నాకొస్తుంది. ఇవ్వని లోనుకు ఇంతవరకూ ఎవరూ ఎవరికీ మెమో ఇవ్వలేదు. లాక్‌డౌన్‌లో వచ్చి లోను అడిగిన వ్యాపారి మంచివాడే, పదేళ్లుగా తెలుసు. కానీ ఆయన సరుకు ఎవరు కొంటారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. వడ్డీ నాలుగైతే ఏంటి, పదైతే ఏంటి?

తర్వాత కేంద్రం మే నెలలో 3 లక్షల కోట్ల లోన్లకు నూరు శాతం గ్యారంటీ ఇచ్చింది. అప్పుడు కదిలాయి ఫైళ్లు. మునిగితే ప్రభుత్వం కడుతుందంటే నాకేం భయం?

మూలాపేట ట్రేడర్ | సోమవారం ఉదయం 9:02

సార్, డబ్బు ఎక్కడికీ పోలేదని ఎలా అంటారు? 2020 మార్చి 23న సెన్సెక్స్ 26 వేల దగ్గర. 2021 జనవరిలో 50 వేలు దాటింది. పది నెలలు. మా బ్యాచ్‌లో అందరికీ వచ్చింది.

పొదిలి బ్యారన్ | సోమవారం ఉదయం 11:40

మీ బ్యాచ్ అదృష్టం. ఆ పది నెలల్లో మా పొగాకు రైతుల బ్యాచ్‌లో ఇద్దరు బ్యారన్లు (ఆకు వేడికి ఆరబెట్టే గదులు) అమ్ముకున్నారు.

అర్థశాస్త్రం అక్క | సోమవారం మధ్యాహ్నం 1:15

మీరిద్దరూ కొట్టుకోకుండానే ఈ విధానం మీద ఉన్న పెద్ద విమర్శ చెప్పేశారు. కేంద్ర బ్యాంకు బాండ్లు కొంటే బాండ్ల ధర పెరుగుతుంది, వాటి మీద రాబడి తగ్గుతుంది. డబ్బున్నవాళ్లు ఎక్కువ రాబడి కోసం షేర్లకూ స్థలాలకూ పోతారు. అవీ పెరుగుతాయి. ఆస్తి పెరిగినవాడు ధైర్యంగా ఖర్చు పెడితే, ఆ ఖర్చు కింది దాకా దిగుతుందని లెక్క. దిగుతుంది కూడా, కొంత. కానీ ఆస్తి లేనివాడు చివర్లో ఉంటాడు.

చీమకుర్తి చిప్స్ | సోమవారం రాత్రి 8:30

నాకు ఎకనామిక్స్ రాదు. గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. కానీ డబ్బు లేకపోతే ఏమవుద్దో కళ్లారా చూశా, 2016 నవంబరులో. దేశంలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది గదా. క్వారీలో రాయి ఉంది. మిషన్ బాగుంది. ఆర్డరు ఉంది. శనివారం బట్వాడా రోజు కూలోళ్లకు ఇవ్వడానికి వంద రూపాయల నోట్లు లేవు. ఒడిశా కుర్రాళ్లు రెండు వారాలు ఆగారు. మూడో వారం తట్టాబుట్టా సర్దుకుని రైలెక్కారు. బ్లేడు ఆగిపోయింది. రాయి కోసే గ్యాంగ్‌సా మిషన్ ఆగితే షెడ్డులో ఎంత నిశ్శబ్దంగా ఉంటదో ఆ రోజు తెలిసింది. మాట్లాడుకునేది వినపడతా ఉంటే మాకే కొత్తగా ఉంది.

అంటే ఏదీ తక్కువ కాకుండానే పని ఆగిపోవచ్చు, కేవలం డబ్బు చేతులు మారకపోతే. మరి డబ్బు తీసేస్తే పని ఆగినప్పుడు, డబ్బు వేస్తే పని నడవాలి గదా? మూలాపేట తమ్ముడు దీనికి జవాబు చెప్పాలి.

మూలాపేట ట్రేడర్ | సోమవారం రాత్రి 8:55

2016లో నోట్లు పోయాయి, ఖాతాలో డబ్బు పోలేదు. అది వేరు.

అయినా ఒప్పుకుంటా, లాజిక్ ఉంది. కానీ అమెరికా సంగతి చూడండి. 2020లో మనిషికి 1,200 డాలర్ల చెక్కులు, తర్వాత ఇంకో రెండు విడతలు పంచారు. 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతం, నలభై ఏళ్లలో ఎక్కువ. జింబాబ్వే కాదులే, కానీ ఊరికే పోలేదు.

అర్థశాస్త్రం అక్క | సోమవారం రాత్రి 9:40

ఈ ఉదాహరణ మంచిది, ముందే ఇది చెప్పాల్సింది. ఓడలు ఆగి, ఫ్యాక్టరీలు మూసి, ఆపైన ఉక్రెయిన్ యుద్ధం. సరుకు రాలేని రోజుల్లో చేతిలో డబ్బు పెరిగింది. మన దగ్గర కూడా 2022 ఏప్రిల్‌లో 7.79 శాతానికి వెళ్లింది. రిజర్వు బ్యాంకు ఆ మేలో రేట్లు పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి 6.50 చేసింది. అందుకే డాక్టరు మందు ఇచ్చేముందు జ్వరం చూడాలి. 2025 అక్టోబరులో మన ధరల పెరుగుదల పావు శాతం, 0.25. జ్వరం లేదు, ఒళ్లు చల్లగా ఉంది.

ఇప్పుడు బామ్మర్ది గారి మాట. 1969లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త ఒక ఊహ రాశాడు. హెలికాప్టర్ వచ్చి ఊరి మీద నోట్లు చల్లి పోతుంది, మళ్లీ ఎప్పటికీ రాదు. జనం ఏరుకుంటారు, ఏమవుతుంది అని. 2002లో బెన్ బెర్నాంకే, ఇంకా ఫెడ్ ఛైర్మన్ కాకముందు, ధరలు పడిపోయే జబ్బు వస్తే ఏం చేయవచ్చో చెబుతూ దీన్ని గుర్తుచేశాడు. అప్పటి నుంచి ఆయనకు హెలికాప్టర్ బెన్ అని పేరు. ఇందులో కీలకం "మళ్లీ రాదు" అన్నదే. ప్రభుత్వం అప్పు చేసి పంచితే రేపు పన్ను వేస్తుందని జనం దాచుకుంటారు. కేంద్ర బ్యాంకు సృష్టించి ఇచ్చి, తిరిగి అడగనంటే ఖర్చు పెడతారు.

అసలైన హెలికాప్టర్ పెద్ద దేశం ఏదీ ఎగరేయలేదు. మన దగ్గర చట్టమే అడ్డం. 1997 దాకా కేంద్రానికి డబ్బు కావాలంటే రిజర్వు బ్యాంకు స్వల్పకాలిక బిల్లులు తీసుకుని ఇచ్చేసేది. అది ఆపారు. 2006 ఏప్రిల్ నుంచి, అసాధారణ పరిస్థితులు తప్పిస్తే, ప్రభుత్వం దగ్గర నేరుగా బాండ్లు కొనకూడదు. మార్కెట్లో కొనవచ్చు. 2021లో అలాగే లక్ష కోట్లు, తర్వాత 1.2 లక్షల కోట్లు ముందుగా ప్రకటించి మరీ కొన్నారు.

కౌంటర్ నం. 4 | మంగళవారం ఉదయం 6:30

హెలికాప్టర్ కాదు గానీ, గాలిపటం లాంటిది ఒకటి చూశా. 2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున వేశారు. అది కేంద్రం సొమ్ము, రిజర్వు బ్యాంకుది కాదు. మా బ్రాంచి ముందు రోడ్డు మీద సున్నంతో గళ్లు గీయించా, గడికొకరు నిలబడాలని. ఎండకు గళ్లలో మనుషులు కాకుండా చెప్పులు నిలబడ్డాయి. మనుషులు వేపచెట్టు కింద. ఒక్కొక్కరూ చెప్పు జరుపుకుంటూ ముందుకు రావడం.

తీసుకున్న 500 ఎక్కడికి పోయింది? ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు. ఆ కొట్టువాడు సాయంత్రం మా దగ్గరే కట్టేవాడు. ఉదయం నేనిచ్చిన నోట్లే, కొన్నిటికి నా రబ్బరు బ్యాండు గుర్తు కూడా ఉంది. కంపెనీలకని ఇచ్చిన లక్ష కోట్లు నా బ్రాంచి గుమ్మం తొక్కలేదు. ఈ 500 మాత్రం ఒక్క పూటలో ఊరు చుట్టి వచ్చింది.

ఇంకో విశేషం. ఆ ఆగస్టులో బంగారం లోన్ల రూలు మార్చారు. వ్యవసాయం కాని అవసరాలకు నగ విలువలో 75 శాతం ఇచ్చేది, 2021 మార్చి 31 దాకా 90 ఇవ్వొచ్చన్నారు. నా సర్వీసులో అన్నిటికంటే బాగా పారిన పాలసీ అది. అప్రైజర్ గీటురాయి మీద గాజు రుద్ది, యాసిడ్ చుక్క వేసి తల ఊపేవాడు. పదిహేను నిమిషాల్లో డబ్బు. నాకు మెమో భయం లేదు, నగ లాకర్లో ఉంది. కానీ ఒకావిడ పాత లోను విడిపించకుండా అదే నగ మీద పెరిగిన 15 శాతం తీసుకుపోయింది, కొడుకు ఫీజుకు. దాన్ని ఆర్థిక వ్యవస్థకు ఊపు అనాలా, మెడలోది ఊడిపోవడం అనాలా, నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాలేదు.

సింగరాయకొండ స్టేషన్ | మంగళవారం మధ్యాహ్నం 3:10

మధ్యలో వస్తున్నా. వోర్గల్ అని ఆస్ట్రియాలో చిన్న ఊరు ఉంది. 1932లో ఊళ్లో చాలామందికి పనిలేదు. మేయరు ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ (పేరు పలకడానికే ఒక ఉద్యోగి కావాలి) ఊరి కోసం సొంతంగా నోట్లు వేశాడు. తిరకాసు ఏంటంటే ఆ నోటు మీద నెలనెలా విలువలో 1 శాతం స్టాంపు కొని అంటించాలి, లేకపోతే చెల్లదు. దాచుకుంటే నష్టం. కాబట్టి ఎవరి చేతికొస్తే వాళ్లు వెంటనే ఖర్చు పెట్టేవాళ్లు, పన్నులు కూడా ముందే కట్టారంట. ఊళ్లో రోడ్లు వేశారు, వంతెన కట్టారు. పక్క ఊళ్లు కూడా మొదలుపెట్టబోతే దేశ కేంద్ర బ్యాంకు అడ్డుపడి 1933లో ఆపించింది.

చీమకుర్తి చిప్స్ | మంగళవారం సాయంత్రం 5:00

మన బస్టాండు కొట్లలో చిల్లరకు బదులు చాక్లెట్ ఇస్తారు చూడు, అదీ అంతే. ఎండాకాలం దాచుకుంటే కరిగిపోద్ది.

అర్థశాస్త్రం అక్క | మంగళవారం సాయంత్రం 6:20

నవ్వాపుకోలేకపోయా. రేపు క్లాసులో చెబుతా.

మైనస్ వడ్డీ అన్నది ఆ కరిగే చాక్లెట్టే. యూరప్ కేంద్ర బ్యాంకు 2014 జూన్‌లో, జపాన్ 2016 జనవరిలో మొదలుపెట్టాయి. బ్యాంకులు ఆ కేంద్ర బ్యాంకు దగ్గర డబ్బు దాచుకుంటే ఎదురు రుసుము కట్టాల్సి వచ్చేది. సార్ చెప్పిన 6.9 లక్షల కోట్ల జబ్బుకు వాళ్ల మందు ఇది. డెన్మార్క్‌లో 2019లో ఒక బ్యాంకు మైనస్ అర శాతం వడ్డీకి ఇంటి లోను ఇచ్చింది. తీసుకున్నదానికంటే తక్కువ కట్టాలి, ఫీజులు వేరే.

పొదిలి బ్యారన్ | మంగళవారం రాత్రి 7:45

ఆ బ్యాంకును పొదిల్లో ఒక బ్రాంచి పెట్టమనండి మేడమ్, బిల్డింగ్ నేనిస్తా.

కందుకూరు టు సైతామా | మంగళవారం రాత్రి 9:10

నేను కందుకూరు వాడిని, టోక్యో పక్కన సైతామాలో ఉంటున్నా. ఇక్కడ చిన్నపిల్లలు తినే గారిగారి-కున్ అని పుల్ల ఐసు ఉంటుంది. 25 ఏళ్ల పాటు ధర మార్చలేదు. 2016లో 60 యెన్‌ల నుంచి 70 చేశారు. చేసి, కంపెనీ పెద్దలూ సిబ్బందీ వరసగా నిలబడి తలవంచి క్షమాపణ చెబుతూ టీవీలో యాడ్ వేశారు. పది యెన్‌లు పెంచినందుకు! ధరలు పెరగకపోవడం మనకు స్వర్గంలా వినిపిస్తుంది. ఇక్కడివాళ్లకు చాలా ఏళ్లు అదే జబ్బు. రేపు కూడా ఇదే ధర ఉంటుందంటే ఈరోజు ఎందుకు కొనాలి అని ఆగేవాళ్లు. జీతమూ పెరిగేది కాదు.

కేంద్ర బ్యాంకు 2013 నుంచి గవర్నర్ కురోడా హయాంలో, ధరలు ఏడాదికి 2 శాతం పెరిగేదాకా ఆపనని బాండ్లు కొంటూనే పోయింది. దేశం మొత్తం ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం దాని చేతికే వచ్చాయి. అయినా ధరలు పెద్దగా కదల్లేదు. 2022లో బయటి దేశాల సరుకు ధరలు పెరగడంతో కదిలాయి. మైనస్ వడ్డీ 2024 మార్చిలో ఎత్తేశారు. కాబట్టి నోట్లు వేస్తే జింబాబ్వే అయిపోతామన్నదీ తప్పే, వేస్తే బేరాలొస్తాయన్నదీ తప్పే.

అర్థశాస్త్రం అక్క | మంగళవారం రాత్రి 9:50

దానికి రిచర్డ్ కూ అనే ఆర్థికవేత్త చెప్పిన కారణం నాకు నచ్చుతుంది. 1990 తర్వాత జపాన్‌లో స్థలాల ధరలు కూలిపోయాయి. అప్పు చేసి కొన్న కంపెనీల చేతిలో ఆస్తి సగమైంది, అప్పు అలాగే ఉంది. వడ్డీ సున్నా అయినా వాళ్లు కొత్త అప్పు తీసుకోలేదు. వచ్చిన లాభమంతా పాత అప్పు తీర్చడానికే పెట్టారు. ఒక్కొక్కరూ చేసింది బుద్ధిమంతుల పనే. అందరూ ఒకేసారి చేస్తే ఎవరి సరుకూ అమ్ముడుపోదు.

పొదిలి బ్యారన్ | బుధవారం ఉదయం 5:55

నిద్ర పట్టలేదు, ఇదంతా చదివి. నా మాట ఒకటి చెబుతా.

2020లో వేలం కేంద్రంలో మా పొగాకు బేళ్లు వరసలుగా పేర్చి ఉన్నాయి. బయ్యర్లు చేతిలో మిషన్లు పట్టుకుని వరస వెంట నడుస్తారు. ఒక్కో బేలు దగ్గర రెండు క్షణాలు. ఆకు తీసి వాసన చూస్తే ఆశ, చూడకుండా పోతే నోబిడ్. ఆ ఏడు నడక వేగంగా ఉంది. లో గ్రేడ్ అయితే వంగి చూసినవాడు లేడు. నోబిడ్ చీటీ పెట్టుకుని, కిరాయి ఆటోలో ఎక్కించి తీసుకుపోవడం, వారం తర్వాత మళ్లీ తేవడం. మూడుసార్లు తెచ్చా ఒకే బేలు. ఆకు పొడి అవుతోంది, కిరాయి నా చేతిది.

జులైలో ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను (రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ) వేలంలోకి దింపింది. వాళ్లు కొన్నది కొంతే. నేను చూసింది వేరే. మార్క్‌ఫెడ్ మనిషి వరసలో నడుస్తున్నాడనగానే పక్క బయ్యరు కూడా వంగి ఆకు చూడటం మొదలుపెట్టాడు. నా ఆ మూడుసార్ల బేలు కొన్నది మార్క్‌ఫెడ్ కాదు, ప్రైవేటువాడే.

కాబట్టి నాకు కావాల్సింది చౌక అప్పు కాదు. కొనేవాడు నిలబడి ఉండటం. రిజర్వు బ్యాంకు బాండ్లు కొంటుంది, అమెరికావాడు ఇళ్ల లోన్లు కొన్నాడు. పొగాకు బేలు కొంటే పాలసీ కాదా?

అర్థశాస్త్రం అక్క | బుధవారం ఉదయం 8:10

అన్నా, ఇది మీరు రాసేదాకా నేను ఇలా ఆలోచించలేదు. యూరప్‌లో అచ్చం ఇదే జరిగింది. 2012 జులైలో స్పెయిన్ పదేళ్ల బాండ్లు 7 శాతం పైన వడ్డీ ఇస్తామన్నా కొనేవాళ్లు వెనకాడారు. అంటే దాదాపు నోబిడ్. ఆ నెల 26న యూరప్ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు ద్రాఘి లండన్‌లో మాట్లాడుతూ, యూరోను కాపాడటానికి ఏం చేయాలన్నా చేస్తానన్నాడు. సెప్టెంబరులో బాండ్లు కొనే పథకం ప్రకటించారు. ఆ పథకం కింద ఈరోజుకీ ఒక్క యూరో ఖర్చు పెట్టలేదు. కొనేవాడు హాల్లోకి వచ్చాడని తెలిసేసరికి మిగతావాళ్లు వంగి ఆకు చూశారు.

కౌంటర్ నం. 4 | బుధవారం ఉదయం 9:25

బాగుంది మేడమ్, కానీ బాండు పాడైపోదు. పొగాకు పాడవుతుంది. కొన్న బేళ్లు గోడౌన్లో పెట్టి తర్వాత ఎవరికి అమ్ముతారు? అమ్మినప్పుడు ధర మళ్లీ పడదా?

చీమకుర్తి చిప్స్ | బుధవారం మధ్యాహ్నం 12:50

సారు అడిగింది నిజం. కొనేవాడు వెళ్లిపోతానన్నా చాలు. 2013 మేలో బెర్నాంకే బాండ్లు కొనడం తగ్గించొచ్చని ఒక మాటన్నాడు. తగ్గించలేదు, అన్నాడంతే. 55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు నెలాఖరుకు 68 దాటింది. మా ఓనరుకు బ్లాకులు ఎగుమతి చేసిన డబ్బులు రూపాయల్లో పండగే. అదే వీధిలో ఇంకొకాయన అప్పుడే ఇటలీ మిషనుకు ఆర్డరిచ్చి ఉన్నాడు, ఇంకా డబ్బు కట్టలేదు. ఆయన ఆ ఏడు వినాయకుడి చందా కూడా ఇవ్వలేదు.

మూలాపేట ట్రేడర్ | బుధవారం మధ్యాహ్నం 2:05

మరి రొయ్యల సంగతేంటి? రిజర్వు బ్యాంకు రొయ్యలు కొనాలా? 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) గవర్నరు గారు, 40 కౌంట్ డిప్యూటీ గవర్నరు గారూ తీసుకుంటారా?

మోడరేటర్ | బుధవారం మధ్యాహ్నం 2:30

వెటకారం తగ్గించండి. పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

కౌంటర్ నం. 4 | బుధవారం రాత్రి 8:00

పైపుల కొట్టు బాబూ, దేశం సంగతి మేం తేలుస్తాం గానీ, మీ క్యాష్ క్రెడిట్ లోను కాగితం తీసి చూడండి. వడ్డీ దేనికి ముడిపెట్టారు? 2019 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని రూలు. పాత లోను అయితే ఇంకా ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన ఖర్చును బట్టి తనే లెక్కగట్టే రేటు) మీదే నడుస్తుండొచ్చు, అది మెల్లగా దిగుతుంది. మార్చమని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే ఎవరూ మార్చరు. నేను కూడా మార్చేవాణ్ని కాదు.

అల్లూరు పైపుల కొట్టు | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 10:15

కౌంటర్ నం. 4 సార్‌కు నమస్కారాలు. మీరు చెప్పినట్టే అయింది, నాది ఎంసీఎల్ఆర్ మీదే ఉంది. అర్జీ రాసిచ్చా, నాలుగుసార్లు తిరిగా, మొన్న మార్చారు. ముప్పావు శాతం తగ్గింది. 12 లక్షల మీద ఏడాదికి 9,000, నెలకు 750.

మా బామ్మర్ది అడిగాడు, "మరింకేం బావా, సరుకు దించు" అని. దించలేదు. ఉన్న మోటార్లే దుమ్ము పట్టి ఉన్నాయి. లిమిట్లో ఇంకా వాడుకోవచ్చన్నారు బ్యాంకులో, వద్దన్నా. మిగిలిన ఆ 750కి ఇంకొంచెం కలిపి లోనులోనే కట్టేశా. రాత్రిపూట బరువు తగ్గినట్టుంది.

బేరాలంటారా, ఈరోజు మూడు. రెండు అరువు. మూడోవాడు ఏరేటర్ ఫ్యాను పట్టుకొచ్చి, వెల్డింగ్ ఎక్కడ బాగా చేస్తారో అడిగి వెళ్లాడు.

కందుకూరు టు సైతామా | శనివారం రాత్రి 10:31

అన్నా, మీరు పూర్తిగా జపానోళ్లయిపోయారు.

అల్లూరు పైపుల కొట్టు | శనివారం రాత్రి 10:40

జపానోళ్లు అరువు పుస్తకాలు రాస్తారా తమ్ముడూ? నాలుగోది మొదలుపెట్టా.